ఉమ్మడి గోడ మీద గాజుపలక

నా సర్వీసు మొత్తంలో వచ్చిన ఒకే ఒక భూకంపం నాకు తెలియలేదు. అది వచ్చినప్పుడు నేను మదనపల్లె బస్టాండు దగ్గర టీ అంగట్లో బెంచీ మీద కూర్చొని ఉన్నాను. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. రోజూ ఊగేదే. ఆ రోజు కొంచెం ఎక్కువ ఊగిందని అంగడాయన్ను విసుక్కున్నాను కూడా. కాసేపటికి జనం ఇళ్లలోంచి రోడ్డు మీదికి వచ్చి ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు. కదిలింది భూమి అయితే పైకి ఎందుకు చూస్తున్నారో అప్పుడు అర్థం కాలేదు. పైకి చూడడంలో కొంత న్యాయం ఉందని తర్వాత ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతి వస్తుంది.

అది గుజరాత్ భూకంపాన్ని అందరం టీవీలో చూసిన యేడు. కాబట్టి మాకు వచ్చింది ఎంత చిన్నదైనా, భయం పెద్ద సైజుదే వచ్చింది. మరుసటి రోజే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలో ఇళ్ల నష్టం చూసి రమ్మని నన్ను వేశారు. కారణం నా అర్హతలు కావు. ఆఫీసులో మిగిలిన ఇంజినీర్లలో ఒకాయన సెలవులో ఉన్నాడు, ఇంకొకాయన సెలవు పెట్టబోతున్నాడు. నేను చదివిన సివిల్ ఇంజినీరింగు పుస్తకంలో భూకంపాల పాఠం చిట్టచివర ఉండేది. మా లెక్చరరు ఏ యేడూ అంత దూరం పోలేదు. ఏ శాఖలో పనిచేశానో మాత్రం చెప్పను. పింఛను ఇంకా అక్కడినుంచే వస్తోంది.

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి వైపు కాలేజీలో చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, ఫీల్డులో పని ఎట్లుంటుంది" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చాలావరకు ఒక ఇంటి కథే. ఒక రిటైరైన నర్సమ్మ తలదాచుకున్న రెండు గదులు ఆమెకు ఉంటాయా పోతాయా అన్నది వేలెడంత గాజుముక్క మీదికి వచ్చిన కథ. అందులోకి పోయేముందు, అప్పటికి నాకు తెలిసిన కొద్దిపాటి విద్య ఏమిటో చెప్పాలి.

బీట వయసు

నష్టం నిజానికి తక్కువే. పడినవి కొన్ని పిట్టగోడలు, ఒక మరుగుదొడ్డి. ఆ మరుగుదొడ్డి కూడా భూకంపానికి ముందురోజే పడిందని పక్కింటాయన సాక్ష్యం చెప్పాడు. కానీ ప్రభుత్వం ఏదో ఇస్తుందని పుకారు పుట్టింది. అంతవరకు ఎవరూ పట్టించుకోని బీటలకు ఒక్కరోజులో గౌరవం వచ్చింది. పండక్కి సున్నం పూసి దాచుకున్న బీటల్ని జనం గీకి మరీ బయటికి తీశారు.

పుంగనూరులో ఒక ఇల్లాలు నన్ను చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి పిలుచుకుపోయింది.

"సూడప్పా, ఎట్ల సీలిపోయిందో. నిన్నటికి నిన్న వచ్చింది."

"నిన్ననే వచ్చిందామ్మా?"

"నిన్ననే. నేను పొయ్యికాడ ఉండాను. డబుక్కుమనింది, సూస్తే ఇది."

ఆ మాట అంటూ, జుట్టు చెదిరిందేమో, బీటలో వేళ్లు పెట్టి దువ్వెన తీసి రెండుసార్లు దువ్వుకొని మళ్లీ అందులోనే పెట్టింది. దువ్వెన పక్కన పిన్నీసుల కట్ట, ఒక కరెంటు బిల్లు కూడా ఉన్నాయి. ఆమె అబద్ధం చెప్పిందని నేననుకోలేదు. ఆ బీట ఆ ఇంట్లో అల్మారాగా చాలాకాలం నుంచి ఉంది. బీటగా మాత్రం నిన్ననే కనబడింది.

పిల్లలూ, బీట వయసు తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. టార్చిలైటు వేసి లోపలికి చూడండి. లోపల సున్నం కనబడితే కనీసం ఒక పండగ చూసిన బీట. సాలెగూడు ఉంటే కాపురం చేస్తున్న బీట. లోపలి మట్టి శుభ్రంగా, అప్పుడే విరిచిన బెల్లం ముక్కలా ఉంటే అది కొత్తది. దాని ముందు మాత్రం తొందరపడి జోకులు వేయకండి.

జీపు దిగని పెద్దమనిషి

మా డి.ఇ. పరంధామయ్య గారు. నా పై అధికారి. మంచివాడు, తెలివైనవాడు, జీపు దిగనివాడు. ఏ కట్టడాన్ని చూడడానికి పోయినా రోడ్డు మీద జీపు ఆపించి, తల బయటపెట్టి, కాసేపు పైకి చూసి, "ఊ, పోదాం పదయ్యా" అనేవాడు. మోకాళ్ల నొప్పులని కొందరు, బద్ధకమని కొందరు. నేను రెండు పక్షాల్లోనూ ఉండేవాణ్ణి.

ఆయనకు ఇష్టమైన వాక్యం "పరిశీలనలో ఉన్నది." ఏ రిపోర్టు పంపినా చివర అది చేర్చమనేవాడు.

"సార్, గోడ బాగుంటే బాగుందని రాస్తాం, లేకుంటే లేదని రాస్తాం. ఇదెందుకు సార్?" అన్నాను మొదట్లో.

"బాగుందని రాసినాక పడిందనుకో, నువ్వు పోతావు. బాగలేదని రాసినాక పడలేదనుకో, ఆ ఇంటాయన నిన్ను బతకనీడు. పరిశీలనలో ఉండే గోడ పడినా నిలబడినా మనం చూస్తానే ఉండామని అర్థం."

ఇది పిరికితనం అని అప్పట్లో నా అభిప్రాయం. ఇప్పటికీ అంతే. కాకపోతే పిరికివాడి దగ్గర కూడా నేర్చుకోవలసింది ఉంటుందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆయన ఒకసారి అన్నాడు: "మీ కుర్రోళ్లంతా బీటను పట్టుకొని వేలాడతారు. బీటను సూసేది మేస్త్రీ పని. బీట మీద ఏముండాదో సూసేది ఇంజినీరు పని." జీపు దిగనివాడికి బీట ఎట్లాగూ కనబడదు కాబట్టి ఈ సిద్ధాంతం కట్టుకున్నాడని నేను నవ్వుకున్నాను.

కుప్పంలో ఒక పలక

వయసు తేలని బీటలకు ఒక పాత పద్ధతి ఉంది. బీటకు అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో గోడకు అతికించాలి. గోడ కదిలితే గాజు పగులుతుంది. కదలకపోతే పగలదు. ఇంతకన్నా నిజాయితీ గల పనిముట్టు లేదని కాలేజీలో చెప్పారు. గాజు విషయంలో అది నిజమే.

పటాలు కట్టే అంగట్లో వేలెడు వెడల్పున గాజు కోయించుకొని సంచిలో వేసుకుని తిరిగేవాణ్ణి. కుప్పంలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఇంట్లో ఒకటి అతికించి వచ్చాను. కొన్ని వారాలకు మళ్లీ పోతే గాజుకు పసుపు, కుంకుమ, పైన ఒక మూర కనకాంబరాలు. గడప దాటబోతుంటే ఇంటి పెద్దామె ఆపింది.

"మెల్లగా అడుగెయ్యప్పా, లోపల గాజు ఉండాది."

గట్టిగా అరిస్తే గాజు పగులుతుందని ఆ ఇంట్లో అత్తాకోడళ్లు అరుచుకోవడం మానేశారట. తలుపులు దబాలున వేయడం మానేశారట. కొడుకు తాగి వస్తే అరుగు మీదే పడుకుంటున్నాడట. గోడ కదలలేదు, పని అయిపోయింది, తీసేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"యాల తీస్తావు సామీ, అది వచ్చినకాణ్ణించి ఇంట్లో నెమ్మదిగా ఉండాది."

వదిలేసి వచ్చాను. నేను గోడను కొలవాలని గాజు పెడితే, గాజును చూసి మనుషులు మారిపోయారు. అప్పుడు దాన్ని సరదా సంగతిగా స్నేహితులకు చెప్పుకున్నాను. అది హెచ్చరిక అని మదనపల్లెలో తెలిసింది.

గంగులప్ప బెంగ

మదనపల్లెలో మిషను ఆసుపత్రి వెనక వీధిలో ఒక పాత మిద్దె ఉంది. రాయి, మట్టి అడుసు పెట్టి కట్టిన లావు గోడలు. నడుమ ఒక ఉమ్మడి గోడ ఇంటిని రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో ఇంటాయన గంగులప్ప ఉంటాడు. టమాటా మండీ నడిపే మనిషి. తన భాగం మీద కొత్తగా ఇటుకలతో ఒక అంతస్తు లేపాడు. రెండో భాగంలో గ్రేసమ్మ అద్దెకుంది. ఆసుపత్రిలో వార్డుల్లోను, చివరి రోజుల్లో రక్తపరీక్షల గదిలోను పనిచేసి రిటైరైన నర్సు. వీధిలో అందరికీ సిస్టరమ్మ. పొద్దున్నే ఆమె అరుగు మీద కట్టు మార్పించుకునేవాళ్లు, బి.పి. చూపించుకునేవాళ్లు వరసగా కూర్చుని ఉండేవాళ్లు. భర్త లేడు, పిల్లల్లేరు. ఆ రెండు గదులు పోతే ఊళ్లో ఆమెకు ఇంకొకటి దొరకడం కష్టం. ఒంటిమనిషి, ఇంటికి రోగులు వస్తుంటారు అంటే ఎవరూ ఇల్లు ఇవ్వరు.

గంగులప్ప అర్జీ నాకు వచ్చిన వాటన్నిటిలో లావైనది. భూకంపం వల్ల నడిమి గోడ బీటలువారిందని, అద్దెదారు ప్రాణాలకు ముప్పు ఉందని, ఆమె భాగం కాపురానికి పనికిరాదని సర్టిఫికెట్టు ఇవ్వాలని దాని సారాంశం. అద్దెదారు ప్రాణాల గురించి ఇంత బెంగపడిన ఇంటాయన్ను నేను అంతకుముందు చూడలేదు. ఆ భాగం పడగొట్టి వరసగా అంగళ్లు కట్టాలని ఆయన చాలాకాలంగా అనుకుంటున్నట్టు వీధిలో అందరికీ తెలుసు. అర్జీలో ఆ సంగతికి చోటు చాలలేదు.

నేను పోయేసరికి ఇద్దరూ అరుగు మీద ఉన్నారు.

"సారూ, మీరైనా సెప్పండి. నేను సెప్తే ఇనదు. రేపు గోడ మీద పడితే పేపర్లో నా పేరు ఏస్తారు," అన్నాడు గంగులప్ప.

"నీ పేరు పేపర్లో రావాలని నీకు ఎన్నాళ్ల కోరికరా," అంది గ్రేసమ్మ, ఎవరికో కట్టు చుడుతూ. తర్వాత నాతో, "వీడు పుట్టింది నా చేతుల్లోనే అప్పా. పుట్టేటప్పుడే అడ్డం తిరిగినాడు. ఆ పొద్దు తిప్పినా గానీ, పూర్తిగా తిరగలేదు."

అరుగు మీద రోగులంతా నవ్వారు. గంగులప్ప కూడా నవ్వాడు. ఆ వయసు మనిషి తను పుట్టిన సంగతి వీధిలో వింటూ చేయగలిగింది అదే.

లోపలికి పోయి చూశాను. ఉమ్మడి గోడకు పైకప్పు దగ్గర నుంచి కిటికీ దాకా ఏటవాలుగా బీట. టార్చి వేస్తే లోపల సాలెగూడూ లేదు, సున్నమూ లేదు. బెల్లం ముక్క. కొత్తదే. అయితే అది భూకంపంతో వచ్చి ఆగిపోయిందా, ఇంకా సాగుతోందా? ఆగిపోతే మరమ్మతు చేసుకుని ఆమె అక్కడే ఉండొచ్చు. సాగుతుంటే ఖాళీ చేయించడం తప్ప దారి లేదు.

గాజుపలక అతికించాను. అంతటితో ఊరుకోవలసింది. ఇద్దరినీ నిలబెట్టి చక్కగా వివరించాను: ఇది పగిలితే గోడ కదులుతున్నట్టు, ఇల్లు ఖాళీ చేయాలి, పగలకపోతే భయం లేదు, ఉండొచ్చు.

గంగులప్ప గాజు వైపు ప్రేమగా చూశాడు. గ్రేసమ్మ నా వైపు జాలిగా చూసింది.

"థర్మామీటరు పెట్టేముందు జ్వరముంటే ఏమైతాదో పేషెంటుకు సెప్పకూడదప్పా," అంది.

పలక పగిలిన తీరు

రెండోసారి పోయినప్పుడు గాజు చెక్కుచెదరలేదు. గంగులప్ప మొహం వాడింది. గోడకు బదులు నేనే నిలబడి గెలిచినంత సంతోషంగా బయటికి వచ్చాను. మూడోసారి పోయినప్పుడు కూడా గాజు చెక్కుచెదరలేదు. కాకపోతే ఈసారి ఆ గాజు నాది కాదు.

నా గాజు అంచు పచ్చగా ఉంటుంది. దీని అంచు తెల్లగా నున్నగా ఉంది. ఒక మూల ఊదారంగు మరక. నేను అతికించింది బూడిదరంగు సిమెంటుతో. ఇప్పుడున్నది విరిగిన చేతులకు కట్టే తెల్లటి పిండికట్టు. అదీ నా పనికన్నా చాలా శుభ్రంగా ఉంది.

"సిస్టరమ్మా, గోడకు రక్తపరీక్ష చేసినట్టుండావే?"

ఆమె తడబడలేదు. అల్మారాలోంచి ఒక అట్టపెట్టె తీసి చూపించింది. నిండా సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజుపలకలు. ఆసుపత్రిలో పారేస్తుంటే మనసు ఒప్పక తెచ్చిపెట్టుకున్నవట. చాలావరకు తళతళలాడుతున్నాయి. కొన్నిటికి మాత్రం రక్తపరీక్షకు వాడే ఊదా మందు మరక ఎన్నిసార్లు కడిగినా పోలేదు. ఆ వేళ చేతికి అందింది మరకది.

"నీది పగిలిందప్పా. పగిలిందంటే నేను పోవల్ల. అందుకే మార్చినా."

"పగిలితే మార్చేస్తే ఎట్లమ్మా? రేపు గోడ నీ మీద పడితే?"

"గోడ పగలగొట్టింది కాదు గదా అది. ఇదిగో చూడు," అని ఒక స్టీలు ట్రే నా ముందు పెట్టింది. పాత గాజు ముక్కలన్నీ దూది పరిచి, ఆపరేషను చేసి తీసినట్టు పేర్చి ఉన్నాయి.

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. గోడ సాగి గాజు పగిలితే, గాజు అడ్డంగా ఒకే గీత మీద విరుగుతుంది. తాడు తెగినట్టు. ఎవరైనా కొడితే దెబ్బ తగిలిన చోటునుంచి అన్ని వైపులా గీతలు పోతాయి. నక్షత్రం మాదిరి. ట్రేలో ఉన్నది నక్షత్రం.

"ఎవరు కొట్టినారు?"

"నేను చూడలేదు. చూడనిది చెప్పను. గంగులప్ప బాడుగ డబ్బులకు వచ్చినాడు. కాఫీ ఇచ్చినా. గోడ చూసి వస్తానని లోపలికి పోయినాడు. చేతిలో గొడుగుండాది. వానకాలం కాదు. వాడు పోయినాక చూస్తే గాజు ఇట్లుండాది. అంతే నాకు తెలిసింది."

నేను గంగులప్పను నిలదీయలేదు. నిలదీస్తే ఆయన ఒట్టు పెట్టుకుంటాడు, ఆమె బైబిలు పట్టుకుంటుంది, నేను రిపోర్టులో రెండు మతాలనూ రాయాల్సి వస్తుంది. ఆమె వైపు ఇంకో గాజు పెట్టి, పక్కింటి తలుపు తట్టాను.

పైన ఇంకొకటి

"గంగులప్పా, గోడ ఉమ్మడిది కదా. రెండు వైపులా గాజు పెట్టి చూస్తేగానీ రిపోర్టు చెల్లదు," అన్నాను. అటువంటి నియమం ఏదీ లేదు. ఉండవలసిన నియమమని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆయన పొంగిపోయాడు. నన్ను పై అంతస్తుకు పిలుచుకుపోయాడు. కొత్త ఇటుక గోడ సరిగ్గా కింది పాత మట్టి గోడ మీద నిలబడి ఉంది. రెండూ కలిసే చోట సన్నటి బీట. దానికి అడ్డంగా గాజు పెట్టి సిమెంటు పూశాను. మండీ నుంచి లెక్క మాట్లాడడానికి వచ్చిన మనుషులు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి చూస్తున్నారు.

"ఇది పగిలితే?" అన్నాను, వాళ్లకూ వినబడేట్టు.

"పగిలితే ఖాళీ చేయాల్సిందే సారూ. ప్రాణం కన్నా ఎక్కువేముండాది?" అన్నాడు గంగులప్ప.

"ఎవరి భాగమైనా?"

"ఎవురిదైతే ఏమి? రూలు రూలే."

గొడుగులు వచ్చే గది కాదది. గదికి తాళం వేసి తాళంచెవి తనే మొలతాడుకు కట్టుకున్నాడు. కింద తన గొడుగు చేసిన పని పైన ఇంకెవరి గొడుగైనా చేస్తుందేమోనని ఆయన భయం.

నీళ్లొచ్చిన రోజు

కొన్ని వారాల తర్వాత పరంధామయ్య గారు తానే వస్తానన్నారు. గంగులప్ప అంతకుముందే ఎవరో నాయకుడి చేత ఫోను చేయించి ఉన్నాడు. జీపు వీధి మొదట్లో ఆగింది. యథాప్రకారం ఆయన దిగలేదు. "నువ్వు పోయి చూసి రాపో, నేనీడే ఉంటా," అన్నారు.

ముందు గ్రేసమ్మ వైపు చూశాను. నా గాజు నాదే, పచ్చ అంచుతో, పగలకుండా ఉంది. ఆమె అరుగు మీద పిల్లవాడికి మందు పోస్తూ, "పైన కూడా చూసి రాప్పా, తొందరేముండాది," అంది. ఆ మాటలో ఏదో ఉందనిపించింది. ఏమిటో తెలియలేదు.

పైన గంగులప్ప తాళం తీశాడు. గాజు చెక్కుచెదరలేదు. తెల్లటి పిండికట్టు. మూలన ఊదారంగు మరక.

నేను గంగులప్ప వైపు చూశాను. గంగులప్ప తన కాలి బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"ఈ గాజు యాడిది గంగులప్పా?"

"మీరు పెట్టిందే సారూ."

"నేను పెట్టినదానికి ఊదారంగు లేదే."

"ఎండకు వచ్చిందేమో సార్."

"తాళం వేసిన గదిలో ఎండ యాడిది?"

కింద వీధిలో ఎవరో టమాటా పెట్టెలు దించుతున్న శబ్దం. చివరికి ఆయన చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. అందులో నా గాజు. అడ్డంగా ఒకే గీత మీద, తాడు తెగినట్టు, రెండు ముక్కలు.

"ఒక పొద్దున సూస్తే పగిలుండాది సార్. నేను తాకలేదు, నా బిడ్డలమీదొట్టు. రూలు రూలేనని మండీలో అందరి ముందర నేనే అంటిని. ఇంగ నా ఇల్లే ఖాళీ చేయమంటారని భయమాయె. సిస్టరమ్మకాడ ఇట్లాంటి గాజులుండాయని తెలుసు. పోయి అడిగినా."

"ఇచ్చిందా?"

"ఊరికే యాల ఇస్తాది సార్. అర్జీ వాపసు తీసుకుంటానని రాసి సంతకం పెట్టినాకనే పెట్టె తీసింది. వంటింటి కప్పు కారతాందంట, అదీ బాగుచేయించాలంట. పిండికట్టు ఆమే కలిపిచ్చింది. సెయ్యి తిరిగిన మనిషి సార్, గట్టిగా పట్టింది."

నాకు నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. గాజు నక్షత్రంలా పగల్లేదు. అంటే గోడ నిజంగానే కదులుతోంది. ఇక అర్జీ వాపసు తీసుకున్నా, తీసుకోకపోయినా, పై అంతస్తు ఏదో ఒకరోజు కింది గోడను వెంటబెట్టుకుని కూలుతుంది. ఆ గోడకు అటువైపు గ్రేసమ్మ మంచం ఉంది.

"ఎప్పుడు పగిలింది?"

"నీళ్లొచ్చిన రోజు సార్. ట్యాంకు నింపుకొని పడుకున్నాం. తెల్లారి సూస్తే ఇది."

మదనపల్లెలో ఆ రోజుల్లో కొళాయి నీళ్లు ఎన్నాళ్లకో ఒకసారి వచ్చేవి. వచ్చినప్పుడు దొరికిన ప్రతి పాత్రా నింపుకునేవాళ్లం. గంగులప్ప ఒక ట్యాంకే కట్టించాడు.

కిందికి దిగి జీపు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. పరంధామయ్య గారు తల బయటపెట్టి పైకి చూస్తూనే విన్నారు.

"నీళ్లొచ్చిన రోజు పగిలిందంటివా?"

"అవును సార్."

"ఆ మూల మీద ట్యాంకు చూడు ఎంతుందో. అది గోడ మీదనే కదా కూర్చునుండాది?"

చూశాను. అన్నిసార్లు వచ్చినవాణ్ణి, బీటను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివినవాణ్ణి, మిద్దె పైన ఏముందో చూడలేదు. గంగులప్పను పిలిచి ట్యాంకు అక్కడే ఎందుకు కట్టావని అడిగితే, వాస్తు ప్రకారం బరువు నైరుతి మూలనే ఉండాలని సిద్ధాంతి చెప్పాడన్నాడు. ఆయన భాగానికి నైరుతి మూల అంటే సరిగ్గా ఉమ్మడి గోడ. భూకంపం ఒక్కసారి వచ్చి పోయింది. గంగులప్ప ట్యాంకు మాత్రం నీళ్లొచ్చినప్పుడల్లా వస్తోంది.

"ట్యాంకు ఈ పొద్దే ఖాళీ చెయ్యి," అన్నారు పరంధామయ్య గారు జీపులోంచే. "నైరుతిలోనే పెట్టుకో, ఎవరు వద్దన్నారు. గోడకు తగలకుండా కింద నేల నుంచి పిల్లర్లు లేపి దానిమీద పెట్టుకో. ఇల్లు కూలితే నైరుతి యాడుంటాదో మీ సిద్ధాంతిని అడుగు."

జీపు దిగని మనిషికి అది కనబడడం గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. జీపులో కూర్చున్నవాడికి బీటలు కనబడవు. ఇంటి నెత్తి మీద ఏముందో మాత్రం కనబడుతుంది. బద్ధకాన్ని నేను సిఫార్సు చేయను. ఇంట్లోకి పోయేముందు ఒకసారి రోడ్డు మీద నిలబడి పైకి చూడమని మాత్రం చెబుతాను.

వచ్చేముందు గ్రేసమ్మ దగ్గరికి పోయాను.

"సిస్టరమ్మా, తెలిసి తెలిసి వానికి గాజు ఇచ్చినావే. గోడ కదులుతాండాదని నాకు తెలియకపోయుంటే?"

"తెలియకుండా యాడికి పోతాదప్పా. పెట్టెలో అన్నీ కడిగినవే ఉండాయి. ఏరి ఏరి మరకదే ఇచ్చినా. ఊదారంగు నువ్వు ఒకసారి చూసినావు. రెండోసారి చూస్తే గుర్తుపట్టవా ఏంది." మందు సీసాకు మూత పెట్టి మళ్లీ అంది. "వానికి అర్జీ రాయించుకోవల్ల. నీకు సంగతి తెలియల్ల. రెండింటికీ ఒక్క గాజే సరిపోయింది."

రిపోర్టు

పిల్లర్లు లేచాయి. ట్యాంకు వాటి మీదికి మారింది. గోడ బీటలో పలచటి సిమెంటు పోయించి, దానికి అడ్డంగా పొడుగు రాళ్లు దించి కుట్టు వేసినట్టు బిగించాం. రెండు వైపులా కొత్త గాజులు పెట్టాను. ఈసారి పగిలితే ఏమవుతుందో ఎవరికీ చెప్పలేదు. పరంధామయ్య గారు రిపోర్టు చివర తమ వాక్యం రాయించారు. అభ్యంతరం చెప్పలేదు. పరిశీలనలో ఉన్న ఇంటిని పడగొట్టి అంగళ్లు కట్టడానికి ఎవరూ అనుమతి ఇవ్వరని అప్పటికి నాకు తెలిసింది.

మీకు చెప్పవలసింది దాదాపు అయిపోయింది. గాజు పగిలితే ఎట్లా పగిలిందో చూడండి. పగలకపోతే అది మీదేనా అని చూడండి. కాఫీ ఇస్తే తాగండి, కానీ గోడ చూశాక.

రిటైరయ్యేముందు ఆఖరిసారి ఆ వీధికి పోయాను. వంటింటి కప్పు బాగుచేసి ఉంది. గంగులప్ప అరుగు మీద కూర్చొని బి.పి. చూపించుకుంటున్నాడు. "కోపం తగ్గించుకోరా" అని గ్రేసమ్మ తిడుతోంది. లోపలికి పోయి గోడ చూశాను. ఎన్ని పండగలకు సున్నాలు వేశారో, గాజు చుట్టూ మాత్రం జాగ్రత్తగా వదిలి వేశారు. గాజు కొసకు చిన్న చీటీ అంటించి ఉంది. పరీక్షల గదిలో పలకలకు అంటించే రకం. దానిమీద ఆమె గుండ్రటి రాతలో ఇలా ఉంది:

పేషెంటు: గోడ. రిజల్టు: నార్మల్.

కింద ఇంకా కొంచెం చోటు మిగిలింది. పెన్ను తీసి సంతకం పెట్టి వచ్చాను.